సముద్రం మీద నుంచి చూసిన విశాఖ తీరం: పెద్దల జ్ఞాపకాలను ఎలా నమోదు చేయాలి, ఎవరి చేతిలో ఉంచాలి?

ప్రశ్న
అడిగినవారు: తీరవాసి (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. నేను ఇక్కడి ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తాను. లాసన్స్ బే మొదలుకొని భీమునిపట్నం దాకా సముద్రం ఒడ్డున ఉన్న పేటల్లో జాలారి, వాడబలిజ అనే మత్స్యకార కులాల కుటుంబాల పెద్దలు చెప్పే సంగతులను పద్ధతిగా నమోదు చేయాలని, ఆ పేటల నుంచే మా కళాశాలకు వచ్చిన కొందరు విద్యార్థులు సంకల్పించారు. తోడుగా ఉండమని నన్ను అడిగారు. పని మొదలుపెట్టే ముందు ఇటువంటి పనిలో అనుభవం ఉన్నవారి సలహా తీసుకోవాలని ఈ ప్రశ్న రాస్తున్నాను.

మన తీరానికి చరిత్ర లేదని ఎవరూ అనరు. తొట్లకొండ, బావికొండల మీద తవ్వి తీసిన బౌద్ధ విహారాలు, భీమిలిలోని డచ్చివారి సమాధులు, విశాఖ పాత పట్టణంలో రాస్ హిల్ మీది చర్చి, దానిని ఆనుకుని ఉన్న కొండల మీది దర్గా, వెంకటేశ్వరస్వామి ఆలయం, వీటన్నిటి గురించి వ్యాసాలున్నాయి, చూడడానికి వచ్చేవారున్నారు. తొట్లకొండనే తీసుకుంటే, నౌకాదళం తన అవసరాల కోసం సర్వే చేస్తున్నప్పుడు అక్కడి అవశేషాలు వెలుగులోకి వచ్చాయి, 1988 నుంచి 1992 వరకు పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది, కొండ రక్షిత ప్రాంతమైంది. ఎర్రమట్టి దిబ్బలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో అవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. ఇవన్నీ సంతోషించవలసిన విషయాలే. అయితే ఇదే తీరంలో తరతరాలుగా తెప్పల మీద వేటకు వెళ్ళినవారికి ఈ కొండలతో, దిబ్బలతో, గెడ్డలతో (వాగులతో) ఉన్న సంబంధం ఏమిటో, తెప్ప ఎక్కడ దించేవారో, వల ఎక్కడ ఆరబెట్టేవారో, ఏ చోట నిలబడి గంగమ్మకు మొక్కేవారో ఒక చోట చెప్పే పుస్తకం గానీ పటం గానీ నా విద్యార్థుల చేతికి ఇవ్వడానికి నా దగ్గర లేదు.

ఒక సాయంత్రం పేటలోని ఒక పెద్దాయన మాకు వేట చోట్లు ఎలా గుర్తుపడతారో చెప్పారు. ఆయన సముద్రం వైపు చూడలేదు. సముద్రానికి వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి, మడమతో ఇసుకలో రెండు గీతలు గీశారు. "ఆ కొండ బుజం మీదకి ఈ గుడి ఒచ్చీసరికి కింద రాయి తగుల్తాది. అక్కడ వల ఇడవకూడదు, గేలం ఎయ్యాల" అన్నారు. రెండో గీతకు గుర్తు చూపబోయి, రెండు అపార్టుమెంట్ల మధ్య సందులోకి చాలాసేపు చూసి, "ఇక్కడ్నించి అవుపడదు బాబూ" అని చెయ్యి దించేశారు. దూరంగా సముద్రంలోకి వెళితే కొండలు ఇప్పటికీ కనిపిస్తాయి. కాని ఒడ్డుకు దగ్గరి వేటలో గుర్తులుగా వాడిన గుడి శిఖరాలు, తాడిచెట్ల వరుసలు భవనాల వెనక్కి వెళ్ళిపోయాయి. జీపీఎస్ వచ్చాక కుర్రవాళ్ళు ఆ గుర్తులు నేర్చుకోవలసిన అవసరం కూడా తగ్గింది. ఆ పెద్దాయన తరం ఉండగానే ఈ పని జరగాలి.

నా సందేహాలు ఇవి. ఏమి అడగాలి, ఎక్కడ అడగాలి? చెప్పిన దానికి కాలం ఎలా కట్టాలి? రికార్డు చేసినదంతా అంతర్జాలంలో అందరికీ అందుబాటులో పెట్టడం మంచిదా, కాదా? చివరికి ఇది ఎవరి ఆస్తిగా ఉండాలి?

జవాబు
రాసినవారు: పేట మనవడు

మాస్టారికి నమస్కారం. మాది జాలారి కుటుంబమే. మా తాత తెప్ప మీద, మా నాన్న ఫైబర్ పడవ మీద వేటాడారు. నేను చదువుకుని ఉద్యోగంలో ఉన్నాను గనుక, ఈ జ్ఞానం నా దగ్గరికి వచ్చి ఆగిపోతుందేమోనన్న బాధ నాకూ ఉంది.

ఎక్కడ అడగాలన్న మీ ప్రశ్నకు నా సమాధానం, సముద్రం మీద. కుర్చీ వేసి, మైకు పెట్టి, "మీ జీవితం గురించి చెప్పండి" అంటే మా పెద్దలు నాలుగు మర్యాద మాటలు చెప్పి టీ తాగి వెళ్ళిపోతారు. అదే మనిషిని పడవ ఎక్కించి ఒడ్డు కనిపించే దూరానికి తీసుకువెళితే, ఎవరూ అడగకుండానే ఒక్కొక్క కొండనూ చూపిస్తూ మాట్లాడతారు. దక్షిణాన యారాడ కొండ, ఆ తరువాత రాస్ హిల్, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఉత్తరాన భీమిలి దగ్గర పావురాలకొండ, ఇలా వరుసగా వస్తుంటే ఒక్కొక్క చోటికీ ఒక్కొక్క కథ వస్తుంది. మీ విద్యార్థుల్లో బొమ్మలు వేయగలవారు ఎవరైనా ఉంటే పొడవాటి కాగితపు చుట్ట ఒకటి తీసుకువెళ్ళి, సముద్రం మీద నుంచి కనిపించే ఒడ్డు గీతను, కొండల వంపులతో సహా గీయించండి. తరువాత ఆ బొమ్మను పేటలో నలుగురి ముందు పరచండి. మామూలు పటం చూపిస్తే మౌనంగా ఉండేవారు ఈ బొమ్మ మీద వేలు పెట్టి వాదించుకుంటారు. ఆ వాదనే మీకు కావలసిన రికార్డు.

ఏ కాలంలో వెళ్ళాలన్నది కూడా ముఖ్యమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది గనుక అప్పుడు ఇంజిన్ పడవలు ఒడ్డునే ఉంటాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ నీడన కూర్చుంటారు. చేతులు పనిలో ఉన్నప్పుడు మాట బాగా వస్తుంది. పడవ ప్రయాణాలు నిషేధానికి ముందే పూర్తిచేసుకుని, కూర్చుని మాట్లాడే పనిని ఆ రెండు నెలలకూ ఉంచుకోండి. ఒడ్డు నుంచి అందరూ కలిసి లాగే అలివి వల లాగేటప్పుడు పాడే పాటలు మాత్రం లాగేటప్పుడే రికార్డు చేయాలి. తాడు చేతిలో లేకుండా పాడమంటే ఆ ఊపు రాదు.

అమ్మవార్ల కథల విషయంలో ఒక మనవి. పెద వాల్తేరు కరకచెట్టు పోలమాంబ అమ్మవారు జాలారుల వలలో సముద్రం నుంచి వచ్చిందని మా పెద్దలు చెబుతారు. అయితే ఈ కథను ఒక ఇంట్లో చెప్పినట్టు మరొక ఇంట్లో చెప్పరు. వాటిలో ఏది సరైనదో తేల్చే పని పెట్టుకోవద్దు. ఎవరు చెప్పింది వారి పేరుతో, వారు ఒప్పుకుంటేనే, విడివిడిగా ఉంచండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. వేట చోట్ల గుర్తులను దయచేసి అంతర్జాలంలో పెట్టవద్దు. సముద్రం అడుగున రాళ్ళున్న చోట చేప నిలుస్తుంది. ఆ చోటు తెలియడమే చిన్న పడవవారికి ఉన్న ఆస్తి. దాని అక్షాంశం, రేఖాంశం బయట పెడితే పెద్ద ఇంజిన్ల పడవలు అక్కడికి రావడానికి ఎంతో కాలం పట్టదు. జ్ఞాపకాన్ని కాపాడుతున్నామనుకుంటూ జీవనాన్ని తీసేసినవాళ్ళమవుతాం. చోటు పేరు, దాని కథ అందరికీ ఉండవచ్చు. గుర్తుల వివరం మాత్రం వేరే పుస్తకంలో రాసి, ఆ పేట పెద్దల దగ్గరే ఉంచాలని నా అభిప్రాయం.

జవాబు
రాసినవారు: పాత రికార్డుల పాఠకురాలు

పై జవాబు చాలా విలువైనది. చివరి పేరాతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను, ఆ సంగతి చివర చెబుతాను. ముందు కాలం కట్టడం గురించి.

మన పెద్దలు సంవత్సరాలతో మాట్లాడరు, సంఘటనలతో మాట్లాడతారు. కాబట్టి సంవత్సరం అడగకుండా, ఆ సంఘటనకు ముందా, తరువాతా అని అడగండి. విశాఖలో అందుకు గట్టి గుర్తులే ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేయడం, 1966 నాటి విశాఖ ఉక్కు ఉద్యమం, 1971 డిసెంబరు యుద్ధం, 2004 డిసెంబరు 26 నాటి సునామీ, 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను. "ఉక్కు గొడవలప్పటికి మీకు పెళ్ళయిందా? అప్పటికి తెప్పను ఎక్కడిదాకా పైకి లాగేవారు?" అని అడిగితే, సమాధానం దానంతట అదే ఒక దశాబ్దంలో కుదురుకుంటుంది.

రెండో సంగతి. ప్రతి మాట పక్కనా అది చూసినదా, విన్నదా అన్నది తప్పక రాయండి. 1942 బాంబుల భయానికి జనం ఊరు వదిలి వెళ్ళడం ఇప్పుడు మీకు చెప్పేవారిలో చాలామంది తల్లిదండ్రుల నోట విన్నదే. 1933లో ఓడరేవు తెరవకముందు లోపలి హార్బరు స్థానంలో ఉన్న బురద నేలల గురించి, మేఘాద్రిగెడ్డ నీరు సముద్రంలో కలిసిన తీరు గురించి చెప్పేది కూడా విన్నదే అవుతుంది. విన్నదానికి విలువ తక్కువని కాదు. రెండు తరాల దూరం నుంచి వచ్చిన మాటకు వేరే రకమైన విలువ ఉంది. రెండూ కలిసిపోతే మాత్రం తరువాత చదివేవారు దేనినీ నమ్మలేరు.

కాగితాల సంగతి చెప్పాలంటే, 1869లో వెలువడిన జిల్లా మాన్యువల్, 1907 నాటి జిల్లా గెజిటీరు మొదట చదవవలసినవి. ఇవి కచేరీలో కూర్చున్న అధికారి చూపుతో రాసినవన్న సంగతి మరవకూడదు. మద్రాసు రాష్ట్ర కాలం నాటి పాత జిల్లా రికార్డులు చెన్నైలోని తమిళనాడు అభిలేఖాగారంలో ఉన్నాయి. గ్రామ పటాలను రెవెన్యూ కార్యాలయంలో అడిగి నకళ్ళు తీసుకోవచ్చు. ఈ కాగితాలను పెద్దల మాటలకు పరీక్షగా వాడవద్దని నా విన్నపం. వీటిని వారి ముందు చదివి వినిపించండి. తప్పు రాశారని వారు అంటే ఆ మాట కూడా రికార్డు చేయండి.

ఇసుక గురించి ప్రత్యేకంగా అడగండి. మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు ఇసుకను ఉత్తరానికి తోసుకుపోతాయి, ఈశాన్య గాలుల కాలంలో ఆ కదలిక కొంత వెనక్కి తిరుగుతుంది, మొత్తం మీద ఏడాదిలో ఉత్తరానికి పోయేదే ఎక్కువ. రేవు నోటి దగ్గర కట్టిన అడ్డుకట్టలు ఆ ఇసుకను ఆపుతాయి గనుకనే పూడిక తీసిన ఇసుకను ఉత్తరాన ఉన్న బీచికి తిరిగి పోయవలసి వస్తోంది. ఒడ్డు ఎంత కోసుకుపోయిందో లెక్కగట్టడానికి శాస్త్రవేత్తలు ఎక్కువగా ఉపగ్రహ చిత్రాల మీద ఆధారపడతారు. అమెరికా ఉపగ్రహాలైన ల్యాండ్‌శాట్ చిత్రాల వరుస మొదలైనదే 1972లో. అంతకు ముందు బీచి ఎంత వెడల్పు ఉండేదో, ఏ నెలలో ఇసుక పోయి ఏ నెలలో తిరిగి వచ్చేదో చెప్పగలిగినవారు రోజూ తెప్పను దించి పైకి లాగినవారే. "తెప్ప లాగడానికి ఎంతమంది కావలసి వచ్చేది, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకునేవారు?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబులో ఒడ్డు కొలత ఉంటుంది.

రికార్డింగు విషయంలో రెండు మాటలు చాలు. ధ్వనిని కుదించకుండా దాచే డబ్ల్యూఏవీ (WAV) ఫైలు రూపంలో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లలో తీయండి. స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ అవుతుంది. గాలి హోరుకు మైకు మీద బొచ్చు తొడుగు తప్పనిసరి. ఎత్తి రాసేటప్పుడు మాటను దిద్దవద్దు. "ఒచ్చీసరికి" అన్నదాన్ని "వచ్చేసరికి" అని మార్చిన క్షణం నుంచి అది ఆ పెద్దాయన మాట కాదు.

ఇక నేను విభేదించే చోటు. గుర్తులన్నిటినీ పేటలోని ఒక పుస్తకంలో దాచి ఉంచితే, ఆ పుస్తకం ఒక తుపానుకు తడిసిపోతే చాలు, అంతా పోతుంది. అంతకంటే ముఖ్యంగా, రేపు ఈ ఒడ్డున ఏదో కట్టాలని ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు, ఇక్కడ మాకు వేట చోట్లున్నాయని చెప్పడానికి బయట కాగితం ఏదీ ఉండదు. ఎవరికీ తెలియని హక్కును ఎవరూ గౌరవించరు.

జవాబు
రాసినవారు: భీమిలి ఆడపడుచు

ఇంతవరకు అందరూ తెప్పలు, వలలు, కొండల గురించే మాట్లాడారు. చేప ఒడ్డుకు వచ్చాక జరిగే కథ అంతా ఆడవారిది. ఆ తీరం మగవారు చూసిన తీరం కాదు.

మా పెద్దమ్మకు నెత్తళ్ళు, కవ్వలు ఎక్కడ ఎండేసేవారో గుర్తుంది. ఏ దిబ్బ మీద ఇసుక తొందరగా కాగుతుందో, ఏ వైపు గాలి వస్తే ఎండబెట్టిన చేప చెడిపోతుందో, వర్షం మొదలైతే ఎవరి అరుగు మీదికి మార్చేవారో ఆమె అడుగులతో కొలిచి చూపించగలదు. అమ్మకానికి వెళ్ళిన దారులు మరొక పటం. గంప నెత్తిన పెట్టుకుని ఏ ఊళ్ళకు నడిచేవారో, ఏ ఇంటి దగ్గర ఎండు చేపలకు బదులు ధాన్యం కొలిచి ఇచ్చేవారో, దారిలో ఏ చెట్టు కింద గంప దించుకునేవారో, ఏ బావి దగ్గర నీళ్ళు తాగనిచ్చేవారో, ఎక్కడ తాగనిచ్చేవారు కాదో. ఈ చివరి మాటను మగవారి ముందు, ఊరి పెద్దల ముందు చెప్పరు. కాబట్టి ఆడవారితో ఆడపిల్లలే, వారి ఇళ్ళలోనే మాట్లాడాలి.

అడగగానే "నాకేం తెలుసమ్మా, మా ఆయన్ని అడుగు" అంటారు. అక్కడితో ఆగిపోకండి. చేప గురించి అడగండి, ధర గురించి అడగండి, అప్పు గురించి అడగండి. చోట్ల పేర్లు వాటంతట అవే వస్తాయి.

మరొక విన్నపం. ఇప్పుడు పేటల్లో ఉన్నవారినే కాకుండా, పేట లేచిపోయినవారినీ వెతకండి. గంగవరం రేవు కోసం దిబ్బపాలెంవారు తీరం విడిచి వెళ్ళారు. ఉక్కు కర్మాగారం కోసం భూములిచ్చిన పల్లెలూ ఉన్నాయి. చోటు పోయినవారికి ఆ చోటు మరింత స్పష్టంగా గుర్తుంటుంది. వారి దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం తొందర పనికిరాదు. నష్టపరిహారం లెక్కలకు వచ్చినవారనుకుంటారు.

స్పందన
రాసినవారు: తీరవాసి (అడిగినవారు)

ముగ్గురికీ కృతజ్ఞతలు. పడవ మీద బొమ్మ గీయించడం, సంఘటనలతో కాలం కట్టడం, ఆడవారి దగ్గరికి ఆడపిల్లలే వెళ్ళడం, ఈ మూడింటినీ మా పనిలో చేర్చుకుంటున్నాం. మా బృందంలోని ఇద్దరు అమ్మాయిలు ఎండు చేపల అమ్మకం దారులను తమ ఇళ్ళ నుంచే మొదలుపెడతామన్నారు.

గుర్తులను దాచాలా, బయటపెట్టాలా అన్నదాని మీద మాత్రం పేట మనవడు గారి మాటా, పాఠకురాలు గారి మాటా రెండూ న్యాయంగానే ఉన్నాయి. ఈ రెండింటికీ కుదిరే దారి ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు. చెప్పినవారు తరువాత మనసు మార్చుకుంటే ఏం చేయాలన్నది కూడా మాకు స్పష్టంగా లేదు.

జవాబు
రాసినవారు: గట్టు మీది గుమాస్తా

తీర ప్రాంత నియంత్రణ పటాల వ్యవహారంలో కొంతకాలం పనిచేసినవాడిగా ఈ ఒక్క విషయం మీద రాస్తున్నాను.

తీర ప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ప్రకారం మత్స్యకార గ్రామాలను, వారి ఉమ్మడి స్థలాలను, చేపలు ఎండబెట్టే చోట్లను సర్వే నంబర్ల స్థాయి పటాల మీద చూపించాలి. నీటిలోని వేట ప్రాంతాలను, చేపలు గుడ్లు పెట్టే చోట్లను కూడా గుర్తించాలి. అంటే ఆ పెద్దమ్మ గారు అడుగులతో కొలిచి చూపే దిబ్బకు చట్టంలో చోటుంది. చూపించే కాగితం ఉంటే చాలు. ఇక్కడ గమనించవలసినది, పటం మీద కావలసినది ప్రాంతం, బిందువు కాదు. రాయి ఎక్కడుందో చెప్పనవసరం లేదు. ఈ గెడ్డ నోటి నుంచి ఆ కొండ ఎదురు దాకా, ఒడ్డు నుంచి ఇంత దూరం వరకు మా పేట వేట ప్రాంతం అని ఒక విస్తీర్ణాన్ని గీసి, ఆ కొండల గుర్తులను వేరుగా ఉంచవచ్చు. హక్కుకు సాక్ష్యం బయట ఉంటుంది, జీవనానికి తాళం పేట దగ్గర ఉంటుంది.

నిల్వ విషయంలో ఆస్ట్రేలియాలోని వరుముంగు ఆదివాసుల అనుభవం మనకు పనికొస్తుంది. వారి కోసం మొదలై ఇప్పుడు అనేక చోట్ల వాడుతున్న ముకుర్తు అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ఏ రికార్డును ఎవరు చూడవచ్చో ఆ సమాజమే నిర్ణయిస్తుంది. కొన్ని అందరికీ, కొన్ని ఆ కుటుంబానికి, కొన్ని ఆడవారికి మాత్రమే. 2019లో ఆదివాసీ సమాజాల ప్రతినిధులు రూపొందించిన 'కేర్' సూత్రాలు కూడా ఇదే చెబుతాయి: సమాచారం వల్ల మేలు ఆ సమాజానికి చేరాలి, దాని మీద అధికారం వారికే ఉండాలి. మన జాలారులు, వాడబలిజలు ప్రభుత్వ లెక్కల్లో ఆదివాసులు కారు. ఆ సూత్రాలలోని న్యాయం మాత్రం వారికి అక్షరాలా వర్తిస్తుంది.

ఒకే ఒక్క నకలు ఎక్కడా ఉండకూడదన్న పాఠకురాలు గారి భయం సరైనదే. మూడు నకళ్ళు చేయండి. ఒకటి పేటలో, ఒకటి మీ కళాశాలలో, మూడవది ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయం వంటి తుపానులకు తట్టుకునే చోట. పేట పెద్దల రాతపూర్వక అనుమతి లేకుండా గుర్తుల భాగాన్ని తెరవరాదన్న షరతును ఇచ్చేటప్పుడే రాయించుకోండి. ఆ షరతుకు ఒప్పుకోని సంస్థకు ఇవ్వవద్దు, అది ఎంత పెద్దదైనా సరే.

అనుమతి పత్రం మీద సంతకం ఒకసారి తీసుకుంటే సరిపోదు. రికార్డు చేసిన తరువాత దాన్ని వారింట్లోనే, వారి పిల్లల ముందు వినిపించండి. "ఇది తీసేయండి" అంటే ఎందుకని అడగకుండా తీసేయండి. చదవలేనివారికి పత్రాన్ని చదివి వినిపించి, వారి ఒప్పుకోలును మాటగానే రికార్డు చేయవచ్చు. చెప్పినవారు పోయిన తరువాత మనసు మార్చుకునే హక్కు ఎవరికి వస్తుందో కూడా ఆ పత్రంలోనే రాయండి. ఆ పేరును వారే చెప్పాలి. చాలా ఇళ్ళలో అది పెద్ద కొడుకు పేరు కాకపోవచ్చు, కూతురి పేరు కావచ్చు. ఎవరి పేరు చెబితే ఆ పేరే రాయండి.

స్పందన
రాసినవారు: పేట మనవడు

ప్రాంతాన్ని చూపించి గుర్తును దాచుకోవడం మా పెద్దలకు నచ్చుతుందనుకుంటున్నాను. ఈ మాటను వారి ముందు నేనే పెడతాను. మాస్టారూ, నిషేధం మొదలయ్యేలోగా బొమ్మ గీయడానికి మా బాబాయి పడవ ఇస్తానన్నాడు. తెల్లవారుజామున బయలుదేరాలి, పొద్దెక్కితే ఒడ్డు మీద మబ్బు కమ్మి కొండల అంచులు సరిగా కనిపించవు. కాగితపు చుట్టను తడవకుండా ప్లాస్టిక్ గొట్టంలో తెచ్చుకోండి, పెన్సిలు తప్ప సిరా వద్దు.